సౌరగృహం నుంచి పొగ రావడం లేదు

ఇకమీదట రాష్ట్రంలో సూర్యుడు ఊరికే ఉదయించి ఊరికే అస్తమించడానికి వీల్లేదని సౌరశక్తి సద్వినియోగ శాఖామాత్యులు బాబురావుగారు ప్రకటించారు. స్వాతంత్ర్యం వచ్చి ముప్పై నాలుగేళ్లయినా సూర్యుణ్ణి పనిలో పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాకపోవడం తన మనసును కలచివేసిందని, ఇంత ఎండ రోజూ రోడ్ల పాలవుతుంటే చూస్తూ కూర్చోవడానికి తాను మంత్రి కాలేదని చెబుతూ ఆయన సభలోనే కంటతడి పెట్టారు. సభ మిట్టమధ్యాహ్నం జరిగింది కాబట్టి ఒంటితడి కూడా అందరికీ కనిపించింది.

మర్నాడు పేపర్లో ‘సూర్యుడికి కళ్లెం’ అని పెద్దక్షరాలతో వార్త వచ్చింది. ఆ పేపరు గౌలిపుర చేరడానికి రెండు రోజులు పట్టింది. అదీ పకోడీల పొట్లంగా. పొట్లం విప్పిన ఆగమ్మకు చదువు రాదు. ఫొటోలో మంత్రిగారి నోటి దగ్గర అంటుకున్న పకోడీ ముక్క చూసి, ఈ సారెవరో తిండిపుష్టి గల మనిషి అనుకుంది. ఆ సారు తన ఇంటి దాకా వస్తాడని ఆమెకు అప్పటికి తెలియదు.

ఆగమ్మది గౌలిపురలో పాలవాళ్ల గల్లీ. రెండు బర్రెలు, వాటికో కొట్టం, కొట్టానికి ముందు ఓ మట్టి ఇల్లు. పోయిన వానాకాలం ఆ ఇంటి వెనక గోడ కూలింది. భర్త గుండయ్య ముప్పై ఏళ్లు ధాన్యం మండీలో బస్తాలు మోసి, ఆ దుమ్మంతా రొమ్ములో దాచుకుని ఇంటికొచ్చాడు. దమ్ము, అంటే ఉబ్బసం. అన్నం వండటానికి కిరసనాయిలు స్టవ్వు సరిపోయేది కాని, పాలక్యాన్లు కడగడానికి, బర్రెలకు గోరువెచ్చటి కుడితి కలపడానికి రెండు పూటలా పిడకల పొయ్యి మండాల్సిందే. పొయ్యి అంటుకుంటే గుండయ్య దగ్గు అంటుకునేది. పొగ తగిలితే మనిషి దక్కడని దవాఖానలో డాక్టరు చెప్పాడు. పొగ లేకుండా నీళ్లెలా కాగుతాయో మాత్రం చెప్పలేదు.

ఆ సంగతి చెప్పడానికి ఇంజనీరింగ్ కాలేజీ నుంచి ఇద్దరు విద్యార్థులొచ్చారు. ఒకడు పురానాపూల్ దగ్గరుండే ఇస్సాకు. వాళ్ల నాన్న సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. రెండో మనిషి సావిత్రి. వాళ్ల నాన్న బందరు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన గుమస్తా. బీదవాళ్లు కట్టుకోగలిగిన, కరెంటు అడగని ఇల్లు డిజైను చేయడం వాళ్ల చివరి సంవత్సరం ప్రాజెక్టు. మిగతావాళ్లంతా అట్టముక్కలతో బొమ్మ ఇల్లు చేసి మార్కులు తెచ్చుకున్నారు. వీళ్లిద్దరికీ నిజం ఇల్లు కట్టాలన్న దుర్బుద్ధి పుట్టింది. కాలేజీ, వాళ్లకు స్థలం, ఇటుకలు, కూలీలు తప్ప మిగిలినవన్నీ ఇచ్చింది. అంటే అనుమతి ఇచ్చింది.

“అవ్వా, కూలిన గోడ తీసేసి మేమే కొత్త ఇల్లు కడ్తం. ఒక్క పైస అడగం,” అన్నాడు ఇస్సాకు.

“పైస అడగనోడే ఇల్లంత అడుగుతడు బిడ్డా,” అంది ఆగమ్మ.

“పొగ ఉండదు ఆగమ్మగారూ. ఎండకే నీళ్లు కాగుతాయి,” అంది సావిత్రి.

తన పేరు చివర ‘గారు’ తగలడం ఆగమ్మ పుట్టి బుద్ధెరిగి అదే మొదటిసారి వినడం. కాని ఆమె పడిపోయింది ఆ మాటకు కాదు. పొగ ఉండదన్న మాట దగ్గర ఆమె నులకమంచం మీద కూర్చుని రొప్పుతున్న గుండయ్య వైపు చూసింది.

“మిరుగు జొర్రకముందు, వానలు పడకముందు తాళంచెవి నా చేతుల పెడ్తరా?”

“పెడ్తం అవ్వా.”

అంతే ఒప్పందం. ఆగమ్మ, గుండయ్య సామానుతో సహా బర్రెల కొట్టంలోకి మారారు. బర్రెలు అభ్యంతరం చెప్పలేదు.

మూడు నెలల్లో ఇల్లు లేచింది. రెండు గదులు, మధ్యలో గాలి ఉండేట్టు జంట గోడలు, గాలి ఎటు వీస్తే అటు దారిచ్చే కిటికీలు. మిద్దె మీద నల్లరంగు పూసిన రేకు, దాని మీద రాగి గొట్టాలు, పైన అద్దం మూత. పక్కనే ఊక మధ్యలో కప్పిపెట్టిన తారుడ్రమ్ము. మొత్తం ఖర్చు ఒక స్కూటరు ధర కన్నా తక్కువ. పైగా స్కూటరయితే ఏడేళ్లు వెయిటింగ్ లిస్టు. ఏప్రిల్ ఎండలో ఓ రోజు సావిత్రి నల్లా తిప్పితే ఆగమ్మ వేలు పెట్టి చటుక్కున వెనక్కి తీసుకుంది. గుండయ్య లోపలి గదిలో గోడకానుకుని గంటసేపు కూర్చున్నాడు. ఆ గంటలో ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆగమ్మ లోలోపలే లెక్కపెట్టుకుంది. ఆ రాత్రి ఆమె సంతోషంతో నిద్రపోలేదు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారికి, సూర్యుడు రాష్ట్రంలో ఎక్కడెక్కడ పనిచేస్తున్నాడో చూపించమని ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. శాఖ మొత్తం మూడు వారాలు వెతికితే సూర్యుడు ఒక్క గౌలిపురలోనే పనిలో ఉన్నట్టు తేలింది. శాఖ వెంటనే ఆ ఇంటిని దత్తత తీసుకుంది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు లోకులు. ప్రభుత్వ భాషలో దాన్ని సమన్వయం అంటారు.

సమన్వయం చేయడానికి డిప్యూటీ డైరెక్టరు శ్రీహరిరావుగారు జీపులో వచ్చారు. ఆయన అంతకుముందు పదేళ్లు మత్స్యశాఖలో పనిచేశారు. చేపల గురించి ఎంత తెలుసుకున్నారో సూర్యుడి గురించి కూడా అంతే తెలుసుకున్నారు. ఇల్లంతా తిరిగి చూసి, “ఇందులో స్విచ్చి ఏదీ?” అని అడిగారు.

“లేదు సార్,” అన్నాడు ఇస్సాకు.

“స్విచ్చి లేకపోతే మంత్రిగారు ఏం నొక్కుతారయ్యా?”

“నల్లా తిప్పుతరు సార్. వేడినీళ్లొస్తయి.”

శ్రీహరిరావుగారు ఆలోచనలో పడ్డారు. ప్రారంభోత్సవమంటే మంత్రిగారు దేన్నయినా నొక్కాలి, లేదా కత్తిరించాలి, లేదా తెర లాగాలి. తిప్పవచ్చునని ఎక్కడా లేదు. తిప్పకూడదనీ లేదు.

“సరే, తిప్పుతారు. అయితే మంత్రిగారికి ఎండ పడదు. డాక్టర్లు చెప్పారు. షామియానా వేయించాలి.”

“ఇంటి ముందరా సార్?”

“ముందర, పక్కల, పైన కూడా. ఆయన మిద్దెక్కి చూస్తానంటే ఏం చేస్తావు?”

“పైన వేస్తే ఎండ పడదు కదండీ,” అంది సావిత్రి.

“ఎండ పడకుండా ఉండటానికే కదమ్మా షామియానా.”

“ఎండ పడకపోతే నీళ్లు కాగవు సార్.”

“చూడమ్మా, సూర్యుడికి ప్రోటోకాల్ లేదు. మంత్రిగారికి ఉంది.”

కొట్టంలో పాలు పితుకుతున్న ఆగమ్మ ఇదంతా విని, “గొడుగు కింద ఒడియాలు ఎండబెడ్తనంటున్నడు గీ సారు,” అని భర్తతో నెమ్మదిగా అంది. గుండయ్య నవ్వబోయి దగ్గాడు.

షామియానా లేచింది. మంత్రిగారు మే పదో తారీఖున వస్తామన్నారు. ఆ రోజు ఢిల్లీ రమ్మంది. పద్నాలుగున వస్తామన్నారు, వర్జ్యం ఉందన్నారు. పద్దెనిమిదిన మరో మంత్రిగారి మావగారు పోయారు. ఇరవై ఒకటికి ఖాయమైంది. షామియానా వాళ్లు ఎప్పుడొచ్చి విప్పబోయినా శ్రీహరిరావుగారి మనుషులు “ఠైరో భాయ్, సాబ్ ఆరేఁ” అని, సార్ వచ్చేదాకా ఆగమని, వెనక్కి పంపారు. ఆ పదకొండు రోజులు మిద్దె మీది డ్రమ్ములో నీళ్లు ఎంత చల్లబడ్డాయంటే, మండు వేసవిలో గల్లీవాళ్లంతా చెంబులు పట్టుకుని సౌరగృహానికి వచ్చి తాగడానికి పట్టుకెళ్లారు. రాష్ట్రంలో సౌరశక్తి వల్ల ప్రజలకు తొలిసారిగా కలిగిన మేలు అదే.

ఇరవై ఒకటో తారీఖు పొద్దున్నే శ్రీహరిరావుగారు వచ్చి నల్లా తిప్పి చెయ్యి పెట్టారు. ఆయన ముఖం నీళ్ల కన్నా చల్లబడింది.

“ఇదేమిటయ్యా?”

“షామియానా సార్,” అన్నాడు ఇస్సాకు.

“షామియానా సంగతి నాకు చెప్పొద్దు. సూర్యుడేం చేస్తున్నాడు?”

“పైన్నే ఉన్నడు సార్. మనమే లోపలికి రానిస్తలేము.”

“తీసేద్దామండీ, మధ్యాహ్నానికల్లా కాగుతాయి,” అంది సావిత్రి. శ్రీహరిరావుగారు టైము చూసుకున్నారు. మంత్రిగారు పదింటికి వస్తారు. షామియానాకు కట్టిన పూలదండలు విప్పి మళ్లీ కట్టాలంటే పన్నెండవుతుంది. పూలదండలకు ఆర్డరు పాసైంది. సూర్యుడికి కాలేదు. ఆయన ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని కొట్టంలోకి నడిచారు.

“పెద్దమ్మా, నీళ్లు కాచగలవా?”

“పుట్టినకాడి సంది గదే పని సారూ.”

“డ్రమ్ము నిండా కావాలి.”

ఆగమ్మ గుండయ్య వైపు చూసింది. “అన్ని నీళ్లంటే మస్తు పొగ అయితది. మా ఆయనకు పడదు సారూ.”

“మంత్రిగారికి చన్నీళ్లు తగిలితే ప్రాజెక్టు ఉండదు. ప్రాజెక్టు లేకపోతే ఫైలు మూతపడుతుంది. ఫైలు మూతపడితే నీకు తాళంచెవి ఎవరిస్తారు చెప్పు?”

ఆగమ్మ కొంగు నడుముకు బిగించింది. ఒక్క పూట పొగ భరిస్తే బతుకంతా పొగ ఉండదు కదా అనుకుంది. గుండయ్యను గల్లీ చివర చాయ్ హోటలు అరుగు మీద కూర్చోబెట్టి వచ్చి, బర్రెల దాణా గాబుకు పక్కన పెద్ద గుండిగ పెట్టి పిడకలు అంటించింది. కాగిన నీళ్లు వెనక నిచ్చెన మీదుగా డ్రమ్ములోకి చేరాలి. సావిత్రి ఇంటి వెనక నిలబడి ఏడ్చింది. ఇస్సాకు కాసేపు నిలబడి చూసి, తనే బక్కెట అందుకున్నాడు.

“నీ తాళంచెవి కోసం మోస్తున్న అవ్వా. ఆళ్ల కోసం కాదు,” అన్నాడు.

పదింటికి రావలసిన మంత్రిగారు సాయంత్రం నాలుగున్నరకు వచ్చారు. వచ్చే దారిలో వారి శ్రీమతిగారు లాడ్ బజార్‌లో గాజులు చూశారు. చూసిన గాజులు మళ్లీ చూశారు. అందువల్ల ఆగమ్మ గుండిగ కింద మంట ఆరున్నర గంటలు ఆరలేదు. మంత్రిగారు కారు దిగగానే తల పైకెత్తి, “ఆ పొగ ఏంది?” అన్నారు.

“ఎక్కువైన సౌరశక్తి సార్. బయటికి వదులుతున్నాం,” అన్నారు శ్రీహరిరావుగారు.

మంత్రిగారు తల ఆడించారు. నల్లా దగ్గరికి వెళ్లి, తిప్పి, అరచెయ్యి పెట్టారు. అప్పుడే మరిగి డ్రమ్ములో పడిన నీళ్లు ఆ అరచేతి మీద పడ్డాయి. మంత్రిగారి నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయడానికి వీల్లేదు కాని, అది అచ్చంగా ఆయన ఊరి మాట. ఫొటోగ్రాఫరు మాత్రం శాంతంగా, “సాబ్, ఏక్ బార్ ఔర్. జర ముస్కురాకే,” అన్నాడు. ప్రజాస్వామ్యంలో పత్రికల మాట మంత్రిగారు ఏనాడూ కాదనలేదు. నవ్వుతూ ఇంకోసారి పెట్టారు.

తర్వాత చేతికి తెల్లటి కట్టుతో మైకు ముందు నిలబడ్డారు. “షామియానా అడ్డం ఉంటేనే ఇంత వేడి ఉంటే, ఇగ ఎండ తగిలితే ఎట్లుంటదో ఆలోచించుండ్రి,” అన్నారు. చప్పట్లు మోగాయి. “సూర్యుని సంగతి పుస్తకంల చదివినోళ్లు మస్తుమంది ఉన్నరు. చేతితోని పట్టి చూసినోణ్ణి నేనొక్కణ్ణే. ఇసొంటి ఇంటిని ఒక్క కుటుంబానికి ఇచ్చి చిన్నబుచ్చను. దీన్ని జాతికి అంకితం చేస్తున్న.”

జాతి అంటే ఎవరో ఆగమ్మకు తెలియదు. తను కాదని మాత్రం తెలిసింది. అంతలో ఆమెను స్టేజీ మీదికి పిలిచారు. మంత్రిగారు నవ్వుతూ ఆమె చేతుల్లో తాళంచెవి పెట్టారు. అది నాలుగడుగుల పొడవుంది. ప్లైవుడ్డుతో కోసి, వెండికాగితం అతికించారు. ఆగమ్మ దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. ఫొటోలు తీశారు. కార్లు వెళ్లిపోయాక ఆమె ఇంటి తలుపు దగ్గరికి వెళ్లి చూస్తే, తాళం కన్నం చిటికెన వేలంత కూడా లేదు.

“సారూ, అసలు తాళంచెవి?”

“దరఖాస్తు పెట్టుకో పెద్దమ్మా. మూడు కాపీలు,” అని శ్రీహరిరావుగారు తమ జేబు తడుముకుని జీపెక్కారు.

మిరుగు జొరబడింది. కొట్టం మూడు చోట్ల కురిసింది. సౌరగృహం ముందు గదిలోకి శ్రీహరిరావుగారి బల్ల, నాలుగు బీరువాలు వచ్చాయి. బీరువాలు కిటికీలకు అడ్డం పడ్డాయి. కిటికీలకు అడ్డం పడినందువల్ల గదిలో చీకటి, ఉక్క పుట్టాయి. అందువల్ల కరెంటు అడగని ఇంటికి గల్లీలో రెండు స్తంభాలు పాతి కరెంటు తెచ్చి, ట్యూబులైట్లు, ఫ్యాన్లు పెట్టారు. మిద్దె మీది అద్దాల పెట్టె జాతి ఆస్తి కాబట్టి, దానికి ఎండావానా తగలకుండా పైన రేకుల షెడ్డు వేశారు. షెడ్డు వేశాక ‘సౌరగృహ ప్రచార కేంద్రం’ అన్న బోర్డు పెట్టడానికి చోటు చాలక, అద్దాల పెట్టెను కిందికి దింపి కొట్టం పక్కన నిలబెట్టారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. సూర్యుడి విషయంలో ఈ శాఖ పూజారి కన్నా ఓ మెట్టు పైనే ఉంది.

చూడటానికి ఇతర రాష్ట్రాల నుంచి బృందాలు రావడం మొదలైంది. చార్మినారు, లాడ్ బజారు, తర్వాత సౌరగృహం. ప్రతి బృందం నల్లా తిప్పేది. ప్రతి బృందానికీ వేడినీళ్లు వచ్చేవి. బృందం వచ్చినప్పుడల్లా ఆగమ్మ పిడకలు అంటించేది. అంటించినప్పుడల్లా తాళంచెవి అడిగేది. ఫైలు నడుస్తోందని శ్రీహరిరావుగారు చెప్పేవారు. ఆ ఫైలుకు కూడా గుండయ్యకు మల్లే దమ్ము ఉన్నట్టుంది, పది అడుగులకోసారి కూర్చునేది.

జూలైలో ఢిల్లీ బృందం వచ్చే రోజు పొద్దున ఆగమ్మ పొయ్యి అంటించలేదు. శ్రీహరిరావుగారు పరుగెత్తుకొచ్చారు.

“ఏం పెద్దమ్మా, ఇంకా కాలేదా?”

“ఇయ్యాల సూర్యుడు రాడు సారూ.”

“ఎందుకు రాడు?”

“తాళంచెవి ఇస్తే ఒస్తడు.”

ఆరు వారాలుగా దొరకని రూలు పావుగంటలో దొరికింది. అత్యవసర సిబ్బంది ప్రాంగణంలోనే నివసించవలెనని ఎక్కడో ఉంది. అక్కడికక్కడే ఆగమ్మను సౌరశక్తి ఆపరేటరుగా, తాత్కాలిక పద్ధతి మీద నియమించి, వెనక గది ఇచ్చారు. నిజమైన తాళంచెవి, చిటికెన వేలంతది, ఆమె అరచేతిలో పడింది. ఆగమ్మ దాన్ని కొంగుకు ముడేసి, ఆ ముడిని నాలుగుసార్లు తడుముకుంది.

ఒకటే షరతు. కొట్టంలో పొగ ఢిల్లీవాళ్ల కంట పడకూడదు కాబట్టి, పొయ్యి గదిలోపలే పెట్టాలి. కిటికీ మూసి ఉంచాలి.

గుండయ్య ఆ గదిలో ఒక రాత్రి పడుకున్నాడు. పొద్దున ఆగమ్మ డ్యూటీ మొదలుపెట్టింది. గోడల మధ్య గాలిని బంధించడానికి ఆ కాలేజీ పిల్లలు ఎంత బాగా కట్టారంటే, పొగ కూడా బయటికి పోలేదు. గుండయ్య దగ్గి దగ్గి పెదాలు నల్లబడి, గోడ పట్టుకుని బయటపడ్డాడు. ఊపిరి కుదుటపడ్డాక తన నులకమంచం తనే ఈడ్చుకుంటూ మళ్లీ కొట్టంలోకి పోయాడు.

“గీ ఇంటికన్న బర్రెలు నయం. అవి పొగ ఇడువయి,” అన్నాడు.

ఆగమ్మ గడప మీద కూర్చుని ఏడ్చింది. మొగుడి ఊపిరి కోసం ఇల్లు అడిగి, ఇంటి కోసం మొగుడి ఊపిరి పోగొడుతున్నానని తనను తానే తిట్టుకుంది. ఏడుపు అయ్యాక లేచి బృందానికి నీళ్లు కాచింది. ప్రభుత్వోద్యోగం కదా.

దసరా సెలవుల్లో ఇస్సాకు, సావిత్రి చూడటానికి వచ్చారు. పరీక్షలైపోయాయి, ఇద్దరూ ఫస్టుక్లాసే. ఇంట్లోకి వెళ్లబోతే, పాస్ ఉందా అని అడిగారు. తిరిగి కొట్టం వైపు వచ్చేసరికి, తాము తయారు చేసిన అద్దాల పెట్టె గోడకు ఆనించి కనిపించింది. దాని అద్దం నిండా వరసగా పిడకలు కొట్టి ఉన్నాయి.

“కోపం చెయ్యకు బిడ్డా,” అంది ఆగమ్మ సిగ్గుపడుతూ. “గోడకు గొడితె మూడొద్దులు. దీనికి గొడితె ఒక్క పూటల ఎండుతున్నయి.”

సావిత్రి చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వు ఆపుకోలేక గాబు గట్టు మీద కూర్చుండిపోయింది. ఇస్సాకు మాత్రం పిడకల వంక, గుండయ్య వంక, కొట్టం కప్పు వంక చూసి, “అవ్వా, సర్కారోళ్లు పారేసిన ఎండ మనం ఎత్తుకుందమా?” అన్నాడు.

రెండు రోజుల పని. పిడకలు ఒలిచి, అద్దం కడిగి, పెట్టెను కొట్టం మీదికి ఎక్కించారు. వాలు సరిగ్గా ఉండటానికి వెనక ఊతకర్ర కావాల్సి వచ్చింది. కొట్టంలో వెతికితే నాలుగడుగుల ప్లైవుడ్డు తాళంచెవి దొరికింది. పెట్టి చూస్తే అద్దం సరిగ్గా దక్షిణపు ఎండకు ఎదురుగా నిలిచింది. ఇంకో పాత తారుడ్రమ్ము తెచ్చి ఊకలో కప్పారు. మర్నాడు మధ్యాహ్నానికి నీళ్లు పొగలు కక్కాయి. ఆ పొగలు ఎవరికీ దగ్గు తెప్పించవు.

అప్పటి నుంచి ఆగమ్మ క్యాన్లు, కుడితి, స్నానాలు అన్నీ ఎండతోనే. బృందం వచ్చినప్పుడు ఆ నీళ్లే నాలుగు బక్కెట్లు తీసుకెళ్లి సౌరగృహం డ్రమ్ములో పోసేది. గదిలో పొయ్యి ఆరిపోయింది. కార్తీకం వచ్చేసరికి గుండయ్య గల్లీ చివరిదాకా నడిచి, చాయ్ తాగి, ఆగకుండా తిరిగొస్తున్నాడు. రెండు నెలలు రాష్ట్రంలో సౌరశక్తి నిజంగా పనిచేసింది. ఆ సంగతి శాఖలో ఎవరికీ తెలియదు.

తెలిసిన రోజున గొడవైంది. శ్రీహరిరావుగారికి ఓ అలవాటుండేది. జీపు గల్లీ మలుపు తిరగగానే తల బయటికి పెట్టి చూసేవారు. తలుపు సందుల్లోంచి కాస్త పొగ కనిపిస్తే, సౌరశక్తి బాగానే నడుస్తోందని స్థిమితపడేవారు. ఈ మధ్య పైఆఫీసు పనుల్లో పడి చూడటం మరిచారు. డిసెంబరులో ఒక పొద్దున చూస్తే పొగ లేదు. కంగారుగా లోపలికొచ్చి నల్లా తిప్పారు. వేడినీళ్లొచ్చాయి. ఆయనకు ఇంకా భయం వేసింది. ఆగమ్మను బల్ల ముందు నిలబెట్టారు.

“సౌరగృహం నుంచి పొగ రావడం లేదేం?”

“పొయ్యి అంటిస్తలేను సారూ.”

“అంటించకుండా నీళ్లెలా కాగుతున్నాయి?”

“ఎండకు.”

శ్రీహరిరావుగారు ఆర్డరు కాపీ బయటికి తీశారు. “ఎండకా? ఎవరి పర్మిషన్‌తో?”

“ఎండకు పర్మిషన్ ఎవలిస్తరు సారూ?”

“ఆపరేటరు విధి ఏమిటి? పిడకలు అంటించడం. ఆర్డరులో స్పష్టంగా ఉంది. సౌరశక్తి కేంద్రంలో నువ్వు నీ ఇష్టం వచ్చినట్టు ఎండ వాడితే రేపు పైవాళ్లకు నేనేం చెప్పాలి? ఆ అద్దాలు పగిలి ఎవరికైనా దెబ్బ తగిలితే?”

“రెండు నెలల సంది గా నీళ్లే పోస్తున్న. ఒక్కలన్న వద్దన్నరా?”

“రెండు నెలలా?” అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. రెండు నెలల్లో వచ్చిన బృందాలన్నీ ఆయన కళ్ల ముందు తిరిగాయి. అందరికీ ఎండ నీళ్లు చూపించారు. దగా జరిగిపోయింది.

సాయంత్రానికి మెమో వచ్చింది. అనధికారికంగా సూర్యుణ్ణి వినియోగించినందుకు, విధి నిర్వహణలో పొగ రాకుండా అలక్ష్యం చేసినందుకు ఆగమ్మను ఉద్యోగం నుంచి తొలగించారు. గది ఖాళీ చేయాలన్నారు. అద్దాల పెట్టె దింపడానికి వేరే ఆర్డరు కావాలి కాబట్టి అది కొట్టం మీదే ఉండిపోయింది. ఆగమ్మ కొంగుముడి విప్పి, ఆ చిన్న తాళంచెవి బల్ల మీద పెట్టింది.  అది తన గడప, తన గోడ, తన పునాది. ఆ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక కొట్టంలోకి వెళ్లిపోయింది. ఆ రాత్రి గుండయ్య దగ్గకుండా పడుకున్నాడు. ఆమె తెల్లారేదాకా ఆ నిశ్శబ్దం వింటూ, పోతే పోయింది లెమ్మనుకుంది.

కొత్త ఆపరేటరు కోసం శాఖ పేపర్లో ప్రకటన ఇచ్చింది. అభ్యర్థి సైన్సు పట్టభద్రుడై ఉండాలి, పిడకలు అంటించడంలో మూడేళ్ల అనుభవం ఉండాలి. రెండూ ఉన్నవాడు ఇప్పటిదాకా దొరకలేదు.

జనవరి చివరి వారంలో మంత్రి బాబురావుగారు విదేశీ బృందాన్ని వెంటబెట్టుకుని పదకొండింటికి సౌరగృహానికి వస్తున్నట్టు వైర్‌లెస్ వచ్చింది. ఈసారి శ్రీమతిగారు వెంట లేరు కాబట్టి పదకొండంటే పదకొండే. పదింబావుకు శ్రీహరిరావుగారు కొట్టం ముందు నిలబడి ఉన్నారు. ఒక చేతిలో ఖాళీ బక్కెట. రెండో చేతిలో ఎప్పుడూ ఉండే రుమాలు ఇవాళ ముక్కు దగ్గర లేదు.

“పెద్దమ్మా, బాగున్నావా? గుండయ్యా, ఆరోగ్యం ఎలా ఉంది?”

గుండయ్య ఎండలో మంచం వేసుకుని కాళ్లు చాపుకుని ఉన్నాడు. “మంచిగున్న సారూ,” అన్నాడు.

“ఓ నాలుగు బక్కెట్లు వేడినీళ్లు కావాలి పెద్దమ్మా. మంత్రిగారొస్తున్నారు.”

ఆగమ్మ కొట్టం మీది డ్రమ్ము వైపు చూసింది. ప్లైవుడ్డు తాళంచెవి మీద వెండికాగితం సగం ఊడి, మిగిలిన సగం ఎండకు మెరుస్తోంది. ఆమె బర్రె పొదుగు కడుగుతూనే, తల ఎత్తకుండా చెప్పింది.

“దరఖాస్తు పెట్టుకో సారూ. మూడు కాపీలు.”

గుండయ్య నవ్వాడు. గట్టిగా, పొట్ట పట్టుకుని నవ్వాడు. దగ్గు రాలేదు.

శ్రీహరిరావుగారు టైము చూసుకున్నారు. పదీ ఇరవై. ఆయన పద్ధతి తెలిసిన అధికారి. బక్కెట బోర్లించి, దాని మీద కూర్చుని, జేబులోంచి పెన్ను తీశారు.

“కార్బన్ పేపరుందా పెద్దమ్మా?” అన్నారు.